ఆవకాయ జాడీ కింద తోకచుక్క

ఇంగ్లీషు చదవడం వస్తే చాలు, లోకంలో ఏ పనైనా చేసేయవచ్చునని నేను గట్టిగా నమ్మిన రోజులవి. జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌లోని దుక్మ్‌కు వచ్చి, సైట్‌లో హాజరు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి, "నీ చేతిరాత బాగుంది" అని ఒక ఫోర్‌మన్ అన్న ఒక్క మాటకు ఉబ్బిపోయి బౌషర్‌లోని ఒక విల్లాకు మారాను. అందులో కంపెనీకి సలహాలిచ్చే ఒక ముసలి ఇంగ్లీషు ఇంజనీరు ఒంటరిగా ఉండేవాడు. విక్టోరియా రాణి కాలంలో ఆయన ముత్తాత ఆకాశాన్ని చూస్తూ బతికిన శాస్త్రవేత్తట. ఆ ముత్తాత ఉత్తరాలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి. వాటిలో తల దూర్చితే అన్నం కూడా మరిచిపోయేవాడు కాబట్టి మేం ఆయన్ను చుక్కల సారు అనేవాళ్ళం. (మేం అంటే ఇద్దరమే: నేనూ, వంట చేసే కడపక్కా.)

నా డ్యూటీ చాలా గొప్పది. ఉత్తరాలను రెండు కుప్పలు చేయాలి. శాస్త్రం ఉన్నవి స్కాన్ చేసి వాళ్ళ దేశంలోని ఒక లైబ్రరీకి పంపాలి, ఇంటి సంగతులున్నవి పక్కన పెట్టాలి. ఆ పాతకాలపు గొలుసుకట్టు రాత పూర్తిగా చదివే ఓపిక నాకెక్కడిది? అందుకని ఒక సూత్రం కనిపెట్టాను. అంకెలుంటే ఆకాశం, లేకుంటే ఇల్లు. ఈ లెక్కన పాలవాడి చీటీలు, పిల్లకు జ్వరం గంటగంటకూ ఎంతుందో రాసిన కాగితం శాస్త్రంలో చేరిపోయాయి. బొగ్గులు, దగ్గులు, పక్కింటి కుక్క ఉన్న ఉత్తరాలు ఇంటి కుప్పలో పడ్డాయి. 'పక్కన పెట్టు' అంటే 'పనికిరావు' అని కూడా నేనే అర్థం చేసుకున్నాను. సరిగ్గా అప్పుడే కడపక్క వచ్చి, "అబ్బీ, అలమరలో పరిచేదానికి పాత కాగితాలుంటే ఇయ్యి, పేపర్లన్నీ అయిపోయినాయి" అంది. దానకర్ణుడిలా ఒక చేతినిండా తీసి ఇచ్చాను. "మందంగా ఉండాయబ్బీ, మేలైన కాగితం" అని ఆమె మెచ్చుకుంటే, ఆ కాగితం నేనే తయారుచేసినట్టు మురిసిపోయాను.

నెల తిరక్కుండా అక్కకు ఊరి నుంచి ఫోనొచ్చింది. తమ్ముడు బండి మీద పోతూ లారీ కింద పడ్డాడు. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది అక్కే. "గొట్టాలు పెట్టినారంట, తొందరగా రమ్మంటాండారు" అని పొయ్యి కట్టేసి, అటక మీది బ్యాగు కిందికి దించింది. సారు వెంటనే గురువారానికి టికెట్ తీయించాడు. (చెడ్డవాడు కాదు, ఈ మాట ముందే చెప్పాలి.) కానీ మంగళవారం లైబ్రరీవాళ్ళు, ముత్తాత ఫలానా స్నేహితుడికి రాసిన ఉత్తరం ఏదని పేరు చెప్పి అడిగారు. అందరూ ఎదురుచూస్తున్నది దాని కోసమేనట. పెట్టెలు బోర్లించినా అది దొరకలేదు. సారు ముఖం ఎర్రగా కందిపోయింది. "అది దొరికేదాకా ఈ ఇంట్లోంచి ఎవరూ కదలడానికి వీల్లేదు" అన్నాడు. అక్క పాస్‌పోర్టు, ఇక్కడి చాలా ఇళ్ళలోలాగే, ఆయన లాకర్‌లో ఉంది.

ఆయన లోపలికి వెళ్ళాక అక్క నా దగ్గరికొచ్చింది. "అబ్బీ, ఆ కాగితం మన అలమరలో పరిచినవాటిల్లో లేదు గదా?"

"లేదక్కా. గవి వేరే కాయితాలు," అన్నాను. చూడకుండానే అన్నాను. నా వీసా, నా ఉద్యోగం, ఊళ్ళో నాకున్న ఇంగ్లీషు వీరుడన్న పేరు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్ళినప్పుడు వెళ్ళి చూశాను. ఆవకాయ జాడీ కింద ఉంది. దాని మీద గుండ్రంగా, చక్కగా, ఎర్రటి నూనె మరక. అప్పుడైనా తీసుకెళ్ళి ఇచ్చేస్తే సరిపోయేది. నేనేం చేశానంటే, ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తీసి ఆ మరక మీద చల్లాను. పౌడర్ నూనెను పీలుస్తుందని దుక్మ్‌లో మా రూమ్‌వాళ్ళెవరో చెప్పారు. చల్లడం, దులపడం, కిటికీలో ఎండకు పెట్టడం, మళ్ళీ చల్లడం. మరక పోయాక ఇద్దామని రెండు రోజులు అదే పని. ఉత్తరం ఘుమఘుమలాడింది గాని మరక మాత్రం పోలేదు. గురువారం విమానం వెళ్ళిపోయింది. సర్దిన బ్యాగు పక్కన పెట్టుకుని, వంటింటి గుమ్మంలో కూర్చుని, అక్క సారు కోసం బీన్స్ తరుగుతూ ఉంది. అది చూడలేక శుక్రవారం పొద్దున ఆయన ముందు నిలబడి అంతా ఒప్పుకున్నాను.

సారు ఉత్తరాన్ని వాసన చూశాడు. తర్వాత చదివాడు. భార్య పంటినొప్పి, తడిసిన బొగ్గులు, అన్నీ అయ్యాక చివరి పేజీలో ముత్తాత తన స్నేహితుడికి రాసుకున్నాడట: ఈ మధ్య వచ్చిన తోకచుక్కను ముందు చూసింది నేనే, పొరపాటేమోనని భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఈలోగా ఇంకొకాయన చెప్పేశాడు. అంకె ఒక్కటీ లేదు. సారు లేచి లాకర్ తెరిచాడు.

శనివారం అక్క వెళ్ళింది. తమ్ముడు శుక్రవారం తెల్లవారుజామునే పోయాడు.

నలభై రోజులకు తిరిగొచ్చింది. నాకు మొహం చెల్లక వంటింటివైపు వెళ్ళడం మానేశాను. మూడో రోజు ఆమే పిలిచి కంచంలో అన్నం పెట్టింది. "నువ్వు లేదన్నప్పుడు నీ మొగం జూసినా అబ్బీ. నేను చెప్తే సారు నిన్ను అప్పుడే పంపిచ్చేస్తాడు. పోనీ, రేపు వీడే చెప్తాడులే అనుకున్నా. రెండు దినాలూ అట్లే అనుకున్నా" అంది. నా కంచంలోకి ఇంకో గరిటె వడ్డించింది.

ఇప్పుడు ఇక్కడే హమ్రియా బజారులో నాకొక చిన్న ఆఫీసుంది. అరబ్బీ కాగితాలు ఇంగ్లీషులో రాసిపెడతాను, చేతిరాత బాగుందని జనం ఇప్పటికీ అంటారు. అప్పుడప్పుడూ కిటికీ దగ్గర నిలబడి తోకచుక్కకు పౌడర్ అద్దుతున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. అంత ఇంగ్లీషు నేర్చినవాడికి, వంటింట్లో నిలబడి 'ఉందక్కా' అని తెలుగులో ఒక్క మాట అనడం చేతకాలేదు.