జాకెట్ల టేపుతో నావల కొలత

నన్ను చీరాల పక్కనున్న వాడరేవుకు మత్స్య అభివృద్ధి అధికారిగా వేసింది తొంభైల చివర్లో, దసరా వెళ్ళిన వారంలో. సరిగ్గా ఏ సంవత్సరమో బదిలీ ఉత్తర్వు చూస్తే తెలుస్తుంది. అది బీరువా పైఅరలో ఉంది, నాకేమో మోకాళ్ళ నొప్పులు. కాబట్టి పాఠకులు తొంభైల చివర అనే సరిపెట్టుకోవాలి.

మాది చిలకలూరిపేట దగ్గర మెట్ట ఊరు. పత్తి, మిరప తప్ప మూడో మాట వినపడని ఇల్లు. అంతవరకూ నా సర్వీసంతా ఊరచెరువుల్లో చేపపిల్లలు వదలడంతోనే గడిచింది. సముద్రాన్ని కాలేజీ రోజుల్లో ప్యాంటు మడిచి చూసిందే. మా శాఖలో జిల్లాకు ఒక డిప్యూటీ డైరెక్టరు, ఆయన కింద అసిస్టెంట్ డైరెక్టర్లు, వాళ్ళ కింద నాలాంటి అభివృద్ధి అధికారులు ఉండేవాళ్ళు. అభివృద్ధి చేసే అధికారం ఒక్కటి తప్ప మిగతా బాధ్యతలన్నీ మాకే ఉండేవి.

రోజూ పొద్దున్నే ఒడ్డుకు చేరిన నావల దగ్గరికి వెళ్ళి ఏ చేప పడింది, ఏ వలకు పడింది, ఎంత లోతులో పడింది అని రాసుకోవడం నా మొదటి పని. లోతు వాళ్ళు బారల్లో చెప్పేవారు. రెండు చేతులూ చాపితే వచ్చే పొడవు బార. చాపిన చేతులు ఎవరివన్నదాన్ని బట్టి సముద్రం లోతు మారేది. అది వేరే సంగతి.

ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం వచ్చేసరికి అక్కడ సముద్రం తీరే మారిపోతుంది. గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. కృష్ణ వరదలకు కలిసిన ఎర్రనీరు తేరుకుంటూ ఉంటుంది. కవళ్ళు, కనగర్తలు వంటి చేపలు గుంపులుగా ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. మా మెట్ట ఊళ్ళలో కార్తీకమని చాలా ఇళ్ళలో నీచు ముట్టరు గనక ఆ చేపలో సగం ఇసుకలో ఎండి, పత్తి తీతకొచ్చిన కూలీల గుడిసెలకు వెళ్ళేది. అసలు ఆశంతా తెల్ల రొయ్య మీద. అది ఐసులో పడి మద్రాసు వెళ్తుంది. ముసురు పట్టే ముందు నీళ్ళు కదిలితే రొయ్య పైకి లేస్తుందని వాళ్ళ నమ్మకం. మా ఊళ్ళో అల్పపీడనం అంటే విచ్చిన పత్తి తడుస్తుందని నెత్తీ నోరూ కొట్టుకుంటారు. ఇక్కడ అదే మాట వింటే వలలు సర్దుకుంటారు. నాకు మతిపోయేది.

నా రెండో పని హెచ్చరికలు. వాతావరణ కేంద్రం నుంచి కలెక్టరాఫీసుకు, అక్కడి నుంచి మాకు ఫోను వస్తుంది. చేపల వేటకు వెళ్ళరాదని దండోరా వేయించి, కులపెద్దకు చెప్పి, చెప్పినట్టు సంతకం తీసుకోవాలి. దీన్ని మా భాషలో సమాచారం అందజేయడం అంటారు. అందజేస్తే మన బాధ్యత తీరినట్టే. అవతలివాడు విన్నాడా లేదా అన్నదానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

ఆ సీజనులో అప్పటికి రెండు హెచ్చరికలు అందజేశాను. రెండుసార్లూ నాలుగు చినుకులు పడి ఎండ కాసింది. వాయుగుండమంటూ మూడోది వచ్చిన రోజు పొద్దున కులపెద్ద గోవిందు దగ్గరికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి, మాటలో మెత్తదనం, చూపులో కొంటెతనం.

“మళ్ళీ గుండమా సార్?” అన్నాడు సంతకం పెడుతూ. “పోయినసారిది దారి తప్పి మద్రాసెళ్ళి సినిమా చూసొచ్చినట్టుంది. ఇదన్నా ఇటొస్తదంటారా?”

చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయన కొడుకు సింహాద్రి. పెళ్ళయి ఆర్నెల్లు కాలేదు. ఆ మధ్యాహ్నం అందరికంటే ముందు నీళ్ళలో దిగబోయేది అతని నావే. ఐసు కూడా ఎక్కించేశాడు. అతను దిగితే మిగతా నావలన్నీ వెనకే దిగుతాయి.

ఈసారి ఫోనులో విన్న గొంతు వేరుగా ఉంది. ఎప్పుడూ చదివి పెట్టేసే గుమాస్తా, ఈసారి “జాగ్రత్తండీ” అన్నాడు. ప్రభుత్వ కార్యాలయంలో ఒకరు ఇంకొకరితో ఆ మాట అన్నారంటే విషయం పెద్దదే. సంతకం చేతికొచ్చింది, బాధ్యత తీరింది, నాకు మాత్రం కాళ్ళు అక్కడి నుంచి కదల్లేదు. సింహాద్రి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఏం చేయాలో తోచక బోర్లించిన ఒక నావ మీద కూర్చున్నాను.

జేబులో చీరాల దర్జీ టేపు ఉంది. మా ఆవిడ కొలతలకని తెప్పించుకుని, తిరిగి ఇచ్చెయ్యమని పొద్దున నా చేతిలో పెట్టింది. ఊరికే చేతులు ఆడించడానికి దాన్ని తీసి నావ వెడల్పు మీద పరిచాను. పక్కన వల బాగుచేసుకుంటున్నతను తలెత్తాడు.

“దేనికండీ కొలతలు?”

“ఏం లేదు,” అన్నాను. నిజంగానే ఏం లేదు.

కానీ మన దేశంలో ప్రభుత్వోద్యోగి టేపు పట్టుకుని “ఏం లేదు” అన్నాడంటే చాలా ఉందని అర్థం. అతను వల అక్కడే పడేసి లేచాడు. అతని మొహం చూశాక నాకు బుర్రలో దీపం వెలిగింది. రెండో నావ కొలిచాను. కాగితం తీసి అంకెలు వేశాను. అడిగిన ప్రతివాడికీ “ఏం లేదయ్యా” అనే చెప్పాను. నేను ఎంత గట్టిగా కాదంటే వాళ్ళకు అంత గట్టిగా నమ్మకం కుదిరింది.

ఇంకో గంటకు ఒడ్డంతా తెలిసింది, కొలిచిన ప్రతి నావకూ ఇంజనొస్తోందని. భోజనాల వేళకు ఇంజనుకు ఐసుపెట్టె తోడయింది. సాయంత్రానికి నావలే తీసేసి ఫైబరు పడవలిస్తారట. వీటిలో ఒక్కటి కూడా నా నోట వచ్చింది కాదని ఈ సందర్భంగా మనవి చేసుకుంటున్నాను.

సింహాద్రి పరుగున వచ్చాడు. “సార్, నేనెళ్ళి రేపు పొద్దున్నే వచ్చేస్తా. నాది అప్పుడు కొలుస్తారా?”

“ఒడ్డున ఉన్న నావ కొలుస్తాను గాని నీళ్ళలో ఉన్నదాన్ని ఎట్లా కొలిచేది?” అన్నాను. ఇదీ నిజమే. “పైగా ఇది గుడ్డ టేపు, తడిస్తే పాడవుతుంది. నావలు కాస్త పైకి, పొడి ఇసుకలోకి లాగించండి.” ఇది మరీ నిజం.

మనిషికో చెయ్యి వేసి, పాటందుకుని, నావలన్నిటినీ సరుగుడు చెట్ల దాకా ఈడ్చుకొచ్చారు. మామూలుగా నేను బతిమాలితే ఒక తెప్ప కూడా జరిగేది కాదు.

ఎండ చల్లబడే వేళ గోవిందు భార్య నాగమ్మ వచ్చింది. చీరాల బజారులో చేపలమ్మే మనిషి, ఆమె గొంతు రైల్వే గేటు దాకా వినపడుతుందని ప్రతీతి. ఆ రోజు మాత్రం గుసగుసగా మాట్లాడింది.

“సార్, అది జాకెట్లు కుట్టే టేపు. నా కోడలు కుట్టుమిషనోళ్ళ పిల్ల, నాకు తెలవదా? అంత పొడుగు నావని దీంతో ఎట్టా కొలుస్తున్నారండీ?”

“ముక్కలు ముక్కలుగా అమ్మా,” అన్నాను.

ఆమె నన్ను ఒకసారి, సముద్రాన్ని ఒకసారి చూసింది. తూర్పున మబ్బు ఇంకా పలచగానే ఉంది. ఆమె చెంగు బిగించింది.

“మా వోడి నావ ఆఖరున పెట్టుకోండి. రేపు చీకటి పడేదాకా దాని వంతు రాగూడదు.”

తలూపాను. ఆమె వెనక్కి తిరిగి తన అసలు గొంతు తీసింది. “ఒరేయ్ సింహాద్రీ! ఐసు దించరా! కొలతలప్పుడు నావ ఖాళీగా ఉండాలంట!” అది నేను అనలేదు. కానీ ఖండించనూ లేదు.

మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. మా మెట్ట రైతు ఒకాయన, వాడరేవులో చుట్టరికం ఉందట, ట్రాక్టరు ట్రక్కు తెచ్చి వరసలో పెట్టాడు. చేపలు మోస్తుంది గనక అదీ కొలవాలన్నాడు. కొలిచాను. టేపు ఆపే పరిస్థితి లేదు.

మధ్యాహ్నం చీరాల ఆఫీసు నుంచి మనిషి సైకిలు మీద వచ్చాడు, అసిస్టెంట్ డైరెక్టరు గారు మళ్ళీ ఫోను చేస్తారట, రమ్మన్నారని. వెళ్ళాను. ఆయన నిబంధనల మనిషి, కామా కూడా పర్మిషన్ లేకుండా మార్చనివ్వరు.

“ఏమండీ, మీ దగ్గర ఇంజన్ల పథకం నడుస్తోందట? అది తానే శాంక్షన్ చేయించానని ఇక్కడ ఒక నాయకుడు పొద్దుట్నుంచి దండలు వేయించుకుంటున్నాడు. నాకు తెలియకుండా పథకం ఎక్కడి నుంచి వచ్చింది?”

ఉద్యోగం మీద ఆశ వదులుకున్నాను. “పథకం లేదు సార్. కొలతలు మాత్రమే తీసుకుంటున్నాను.”

“ఎందుకు?”

“నావలు ఒడ్డున ఉంటున్నాయి సార్.”

ఆయన గొంతు సవరించుకున్నారు. “ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది?”

“గుండం దాటేదాకా సార్.”

“తొందరపడకండి. కొలతల్లో పొరపాట్లు రాకూడదు. అనుమానం వస్తే మళ్ళీ మొదటి నుంచి కొలవండి.” ఫోను పెట్టేశారు. ఆ నిబంధనల మనిషి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

నేను తిరిగి వచ్చేసరికి గాలి మారింది. చీకటి పడే ముందు సింహాద్రి నావ వంతు వచ్చింది. టేపు ఒక కొస అతను, ఒక కొస నేను పట్టుకున్నాం. గాలికి అది ఇద్దరి చేతుల్లోనూ నిలవలేదు. అతను అప్పుడు సముద్రం వైపు తిరిగి చూశాడు. టేపు కొస వదిలేసి, నావ తాడు చెట్టుకు బిగించాడు.

తెల్లవారి చూస్తే, నావలు ఎప్పుడూ ఉండే చోట ఇసుకే లేదు. నీళ్ళు అంతదూరం వచ్చి కోసుకుపోయాయి. గుండం ఎక్కడో దక్షిణాన తీరం దాటింది గాని, ఆ రాత్రి లోపల ఉన్న నావ ఏదీ తిరిగి వచ్చేది కాదు. సరుగుడు చెట్ల కింద మా వరస వరసంతా ఉంది, ట్రాక్టరు ట్రక్కుతో సహా. నేను పక్కకు వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. ఇసుక పడిందని చెప్పాను. ఆ మూడు రోజుల్లో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

నన్ను మెచ్చుకుంటారనుకుంటే పొరపాటు. నెల తిరిగేసరికి కలెక్టరు గారికి అర్జీ వెళ్ళింది, కొలతలు పూర్తయినా ఇంజన్లు రాలేదని. అది పై నుంచి ఒక్కో మెట్టూ దిగి, సంజాయిషీ కోసం నా బల్ల మీదికే వచ్చింది. “కొలతలు తీసుకున్న మాట వాస్తవం” అని ఒక్క వాక్యం రాసి పంపాను. అసిస్టెంట్ డైరెక్టరు గారు ఒక్క కామా కూడా మార్చకుండా సంతకం చేశారు.

మరుసటి కార్తీకంలో మళ్ళీ హెచ్చరిక వచ్చింది. నేను బస్సు దిగి సంచీలో చెయ్యి పెట్టానో లేదో, నాగమ్మ కేక వినపడింది. “టేపాయనొచ్చాడు! నావలు లాగండ్రా!” మొదటి చెయ్యి వేసింది సింహాద్రే.

నేను ఆశ్చర్యపోయి గోవిందును అడిగాను, ఇంకా ఇంజన్లు వస్తాయని నమ్ముతున్నారా అని.

“పోయినేడే నమ్మలేదండీ,” అన్నాడు చుట్ట వెలిగించుకుంటూ. “గాలికి భయపడి ఒడ్డున కూకున్నానంటే రేపు నా నావెక్కేవోడు ఉండడు. నా కొడుకునే ఆపలేను. గవర్మెంటు కొలతలకి కూకున్నానంటే ఎవడు నవ్వుతాడు? మీ టేపు కోసం నేనూ ఎదురుచూస్తన్నా.”

హెచ్చరిక అందజేయడం వరకే మాకు శిక్షణలో నేర్పారు. వినేవాడికి ప్రాణం ఎంతో పరువూ అంతేనని, పరువు పోకుండా ఆగే దారి కూడా ఆ హెచ్చరికతోపాటే అందజేయాలని నేను వాడరేవులో నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి శీతాకాలం ముందూ ఆ టేపు నా సంచీలో ఉండేది. దర్జీకి కొత్తది కొనిచ్చాను.