చీజ్ కత్తికి అంటిన ఘాటు

2003 వేసవి. గుంటూరులో మా స్టీలు సామాన్ల కొట్టు. ఎండలకు బేరాల్లేక ఈగలు తోలుకుంటున్న మధ్యాహ్నం, దావీదు గారు వచ్చి కత్తిని బల్ల మీద పెట్టారు. మా వైపు కత్తిని చేతికివ్వరు.

ఆయన ఒక పొగాకు కంపెనీ గెస్ట్‌హౌస్‌లో వంటమనిషి. ఆ చీజ్ నైఫ్ అంతకుముందు నేనే ఏరి ఇచ్చాను. పలుచని బ్లేడు, చీజ్ అంటుకోకుండా మధ్యలో చిల్లులు, కోసిన ముక్కను గుచ్చి తీయడానికి చివర రెండు కొమ్ములు. ఇది కత్తా, బూందీ గరిటా అని ఆయన అప్పుడు నవ్వారు.

ఈసారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పొగాకు కొనడానికొచ్చిన విదేశీయులు చీజ్ తిని నోరు మండుతోందన్నారట. కారం ముట్టిన చేతులు కడుక్కోకుండా కోస్తున్నాడని మేనేజరు అందరి ముందూ తిట్టాడట. ఇంకోసారి జరిగితే పనిలోంచి తీసేస్తానన్నాడట.

"రెండుసార్లు సబ్బుతో కడుక్కునే చీజ్ ముడతానమ్మగారూ. కత్తిలోనే ఏదో ఉంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. స్టీలులో కారం ఎక్కడినుంచి వస్తుందని గట్టిగానే దులిపాను. అయినా ఆ మనిషిని చూసి ఉండబట్టలేక కత్తి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. దూది తడిపి చిల్లుల్లోనూ, పిడిని బిగించిన రివెట్ల సందుల్లోనూ తిప్పాను. ఎర్రగా వచ్చింది.

"వాడాక దీన్ని దేంట్లో పెడతారు?"

"కడిగి, తుడిచి గోనెసంచిలో చుడతానండీ. తుప్పు పట్టకుండా మా ఆవిడ కుట్టిచ్చింది. ఉతికిన గోనే."

"ఏం గోనె?"

ఆయన నాలుక కరుచుకున్నారు. మిరపకాయలు నింపే టిక్కీ, అంటే బస్తా గోనె! ఎంత ఉతికినా దాని ఘాటు పోదు. మిరప కళ్ళాల మధ్య పెరిగిన మా ఇద్దరి ముక్కులకూ అది ఒక వాసనే కాదు. ఆ గోనెలోంచి తీసిన కత్తితో తిన్నగా చీజ్ కోస్తున్నారు పాపం.

గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, సన్న బ్రష్షు పెట్టి చిల్లు చిల్లూ తోమాను. పొడిగా తుడిచి కొత్త మల్లుగుడ్డలో చుట్టిచ్చాను. ఈసారి మండితే కత్తి నాకే తెచ్చి పడెయ్యమన్నాను. అన్నానే గానీ, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు ఆయన చేతులూపుకుంటూ వచ్చారు. కత్తి లేదు. హమ్మయ్య అనుకున్నాను.

"ప్లేటు ఖాళీ చేశారమ్మగారూ. మేనేజరు గారు కూడా ఒక ముక్క తిన్నారు. నా చేత్తో పెట్టించుకుని మరీ తిన్నారు."

ఆ మాట అంటూ ఆయన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

అప్పటినుంచి కత్తి పదును గురించి ఎంత చెబుతానో, దాన్ని చుట్టే గుడ్డ గురించీ అంతే చెబుతాను. ఎవరి చేతులనైనా అనేముందు ఆ గుడ్డ ఒకసారి దులిపి చూడమంటాను.