పుంటికూర గంప కింద నెయ్యి డబ్బా

దురాశ దుఃఖానికి చేటు అంటారు. నా దురాశ మాత్రం సరాసరి సైకిల్‌కే చేటు తెచ్చింది. ఎలాగో చెప్తాను, మొహమాటపడకుండా నవ్వుకోండి.

తొంభైల్లో లక్డారం నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీకి రోజూ నడిచిపోయేవాణ్ణి. ఓ ఏడు బోనస్ చేతికొచ్చింది. సైకిల్ కొందామని ఆ డబ్బు జేబులోనే పెట్టుకుని తిరుగుతుంటే, మా చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ రోజు ఎవరి పంటలోంచి వాళ్లు కొంత తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, ఆ తర్వాత అందరికీ భోజనం.

కానుకలు బల్లల మీద సర్దే పని నాకు అప్పగించారు. పాలకుండకు పిల్లి కాపలా! ఎవరో తెచ్చిన డబ్బాడు బర్రె నెయ్యి చూడగానే, అది అమ్మితే సైకిల్‌కు డైనమో లైటు వస్తుందనిపించింది. డబ్బాను ఒక పుంటికూర గంప అడుగున దాచాను. పుంటికూరంటే మీ గోంగూరే. దాన్నెవరు పాడతారు? రెండు రూపాయలకు నాదే. కొనుక్కుంటే దొంగతనమెలా అవుతుందని మనసుకు నచ్చజెప్పుకున్నాను కూడా.

మా పాస్టర్ అయ్యగారు ఆ రోజే, ఇంకే వాక్యమూ దొరకనట్టు, బైబిల్లో దోచిన సొమ్మును డేరాలో పాతిపెట్టుకున్నవాడి కథ ఎత్తుకున్నారు.

"దాస్తె దేవునికి కనబడదా?" అన్నారు.

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది నేనే.

పుంటికూర వంతు రాగానే "రెండు రూపాయలు!" అని అరిచాను.

పక్కింటి ఏలియా మామ తిరిగి చూశాడు. "నువ్వు పుంటికూర ముట్టవు గదరా? గిండ్ల ఏందో ఉన్నది. ఐదు!"

"పది! మా అమ్మ కోసం మామా!"

"మీ అమ్మనే గదరా గా గంప తెచ్చింది! యాభై!"

మామ పాడుకుని గంప కుమ్మరిస్తే నా పరువు చర్చిలోనే పోతుంది. కళ్లు మూసుకుని బోనస్ మొత్తం పాడేశాను.

"సూసిండ్రా! దేవునికిచ్చే చెయ్యంటే గిది!" అని అయ్యగారు నా భుజం తట్టారు. చప్పట్లు మోగాయి.

గంప ఎత్తుకుని చర్చి వెనక్కి పరుగెత్తాను. ఆకు తీస్తే కింద మళ్లీ ఆకే. అదీ తీస్తే గంప అడుగు.

ఏడుపు మింగుకుంటూ వచ్చి విస్తరి ముందు కూర్చున్నాను. అమ్మ నా అన్నం మీద గరిటెడు నెయ్యి పోసింది.

"తిను బిడ్డా. ఎవరో మరిచిండ్రు, నా గంపల నెయ్యి డబ్బా ఉండె. ఆకు వాడుతదని పొద్దుగాల్నే నీళ్లు సల్లవోతె దొరికింది. వంటకిచ్చిన."

పక్కన ఏలియా మామ వేళ్లు నాక్కుంటూ, "జెర ఇంకింత పొయ్యక్కా" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, ఇక బతికినంత కాలం దేవుడి బల్ల మీది సొమ్ముకు చెయ్యి చాపనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇందుకు సాక్షులు, డైనమో కోసం పోయి సైకిల్ పోగొట్టుకుని, మరో ఏడాది పటాన్‌చెరుకు నడిచిన నా రెండు కాళ్లు.