నా ప్లానులో లేని ఇసుక దిబ్బ

ఆ స్థలానికి ప్లాను గీయడానికి ఒంగోలులో ఇద్దరు ఒప్పుకోలేదని నాకు ముందే తెలుసు. తెలిసే వెళ్ళాను. ఈ సంగతి మొదటే చెప్పేయాలి. ఎందుకంటే ఆ తర్వాత చాలా కాలం, అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ నాకేమీ తెలియదనే చెప్పుకుంటూ వచ్చాను.

నేను మార్కాపురంలో ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషిని. మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఆ దుమ్ములోకి నేను పోకూడదని నన్ను ఐటీఐలో చేర్పించి డ్రాయింగు నేర్పించాడు. లైసెన్సు తెచ్చుకుని బస్టాండు దగ్గర ఒక గదికి బోర్డు తగిలించాను. రెండు నెలలు ఒక్కరూ మెట్లెక్కలేదు. మొదట వచ్చింది మా బజారులో బట్టల దుకాణం నడిపే అన్న. దుకాణం మీద అంతస్తు వేసుకోవడానికి నా చేత ప్లాను గీయించుకున్నాడు. అంతటితో ఊరుకోలేదు, చీరలు కొనడానికి వచ్చిన వాళ్ళకు కూడా దాన్ని విప్పి చూపించాడు. తర్లుపాడు నుంచి, కంభం నుంచి, గిద్దలూరు నుంచి జనం నా గదికి రావడం మొదలైంది ఆయన నోటి మాట వల్లే. అప్పటి నుంచి ఆయన అడిగిన పని ఏదీ కాదనలేదు.

జిల్లాలను విడగొట్టిన తర్వాత ఒకరోజు పొద్దున్నే ఆయన నా దగ్గరికి వచ్చాడు. చేతిలో చుట్టిన కాగితం ఉంది.

"తమ్ముడూ, చీరాల సముద్రం బాపట్లకు పోయె. కందుకూరు నెల్లూరికి పోయె. ఇంక మన జిల్లాకు మిగిలిన ఒడ్డు ఇంతే. సెలవలొస్తే జనమంతా యాడికి పోతారు? ఆడికే. నేనూ మా బావమరిదీ కలిసి కొంచెం జాగా కొన్నాం. పది గదులు కట్టి హోటలు పెడదామని."

"ఒంగోలులో ఎవరికీ చూపించలేదా అన్నా?"

"ఇద్దర్ని అడిగినా. ఒడ్డున అంత దగ్గర్లో కట్టకూడదంట, ఇసుక దిబ్బను ముట్టుకోకూడదంట, ఏందో రూలంట. చేతగాక చెప్పే మాటలు అవి. నువ్వు మనోడివి. ఎట్లనో ఒకట్ల చేసి పెట్టు."

చేస్తానన్నాను. ఆ సాయంత్రం రూలు తీసి చదివాను. అర్థం కానిదేమీ కాదు. పోటు సమయంలో సముద్రం ఎంతవరకు ఎక్కి వస్తుందో అక్కడ ఒక గీత ఉంటుంది. ఆ గీత నుంచి కొంత దూరం వరకు కొత్త కట్టడాలు వేయకూడదు. ఇసుక దిబ్బలనైతే తవ్వకూడదు, చదును చేయకూడదు. ఆ గీత నాలాంటి వాళ్ళం ఇష్టం వచ్చినట్టు గీసుకునేది కూడా కాదు, దానికి ప్రభుత్వం వేయించిన పటం ఉంది, పైనుంచి వేరే అనుమతి తెచ్చుకోవాలి. అంతా చదివి, కాగితాలు సొరుగులో పెట్టేశాను. మా వైపు రూళ్ళన్నిటికీ ఏదో ఒక సందు ఉంటుంది. రోడ్డుకు వదలాల్సిన జాగాలో మెట్లు కట్టిన ఇళ్ళకు నేనే ఎన్నో గీశాను. దీన్నీ అలాంటిదే అనుకున్నాను.

మరుసటి వారం ఆయన కారులోనే వెళ్ళాం. నేను సముద్రం చూడటం కొత్త కాదు కానీ టేపు పట్టుకుని దాని ముందు నిలబడటం అదే మొదలు. ఒడ్డుకు అడ్డంగా రెండు నిలువుల ఎత్తున దిబ్బ. దాని మీద బాలబంద తీగ దట్టంగా అల్లుకుపోయి ఊదారంగు పూలు పూసి ఉంది. దిబ్బ వెనక సరుగుడు చెట్లు, ఆ వెనక చేపలు పట్టేవాళ్ళ పల్లె. ఆయన కొన్న జాగా ఆ దిబ్బను మధ్యలో నిలువునా కోసినట్టుగా ఉంది. అన్న కారు దగ్గర ఫోను మాట్లాడుతుంటే నేను దిబ్బ ఎక్కి దిగి కొలతలు రాసుకున్నాను. ఎండ మాడిపోతోంది. తెచ్చుకున్న సీసా ఖాళీ అయింది.

దిబ్బ వెనక వైపు ఒక ముసలామె ఇసుకలో తవ్విన గుంట దగ్గర కూర్చుని బిందెలోకి నీళ్ళు తోడుతోంది. ఆ గుంటను వాళ్ళు దొరువు అంటారు.

"అవ్వా, కొంచెం నీళ్ళిస్తావా?" అన్నాను.

ఆమె నవ్వింది. "అవ్వా అంటున్నారు, కొండల వైపు వాళ్ళా బాబూ?"

"అవును. మార్కాపురం."

చెంబు నిండా ఇచ్చింది. కూతవేటు దూరంలో సముద్రం హోరుమంటుంటే ఆ నీళ్ళు కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉన్నాయి. నాకు నమ్మకం కలగలేదు. రెండో చెంబు కూడా అడిగి తాగాను. మా వైపు బోర్లలో ఫ్లోరైడు నీళ్ళు. అవి తాగే మా నాయన మోకాళ్ళు బిగుసుకుపోయాయి, చివరి రోజుల్లో నేల మీద కూర్చోలేకపోయాడు. మా అమ్మ జీవితంలో సగం ట్యాంకరు కోసం బిందె పక్కన నిలబడటంతోనే గడిచిపోయింది. నీళ్ళ విలువ నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"సముద్రం పక్కన ఇంత మంచి నీళ్ళెట్లా అవ్వా?"

"ఈ దిబ్బ వల్లే బాబూ. వాన నీళ్ళన్నీ ఇదే తాగుద్ది. తాగి దాచిపెట్టి మాకిస్తది. ఉప్పు నీళ్ళను ఇటు రానీయదు. గాలివానకు అలలు లేచినా దీన్ని కొట్టుకుని వెనక్కి పోతాయి." చెంబు తీసుకుని నా చేతిలోని టేపు వైపు చూసింది. "ఇంతకీ ఏం కొలుస్తున్నారు?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రోడ్డు పడుతుందవ్వా. గవర్నమెంటు సర్వే" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "రోడ్డా! చల్లగా ఉండండి నాయనా. కాన్పులకు మంచం మీద మోసుకుపోతున్నాం కార్లు ఆగే చోటు దాకా ఈ ఇసుకలో" అంది.

ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. కొలిచినవి కొలిచినట్టే గీస్తే ఆ జాగాలో కోళ్ళ గూడు కూడా కట్టడానికి లేదు. పోటు గీతను పట్టుకుని తూర్పుకు, నీళ్ళలోకి జరిపాను. గదులన్నీ గీతకు చాలినంత దూరంలోకి వచ్చాయి. దిబ్బ ఉన్నచోట 'చదునైన ఇసుక నేల' అని రాశాను. మొత్తం పని అన్నం తినే లోపు అయిపోయింది. కింద నా సంతకం, ముద్ర, లైసెన్సు నంబరు. అనుమతులిచ్చే ఆఫీసుల్లో ఎవరూ దాన్ని ప్రభుత్వ పటంతో పోల్చలేదు, ఒడ్డు దాకా వచ్చి చూడలేదు. నా సంతకాన్ని నమ్మి అనుమతి ఇచ్చారు.

గదులు లేచాక ప్రారంభోత్సవానికి మా ఇంటిల్లిపాదినీ పిలిచారు. నేనూ నా భార్యా వెళ్ళాం. కారు దిగగానే నాకు ఆ చోటు గుర్తుపట్టడం కష్టమైంది. దిబ్బ లేదు. దాన్ని తోసి పునాదుల్లో నింపేశారు. కిటికీలోంచి సముద్రం నేరుగా కనబడుతోందని అందరూ మెచ్చుకుంటున్నారు. అన్న నా భుజం మీద చెయ్యి వేసి, "ఇదంతా మా తమ్ముడి చలవే. ఒంగోలోళ్ళు చేయలేని పని మార్కాపురమోడు చేసినాడు" అని తన చుట్టాలకు చూపించాడు. నేను నవ్వాను. సిగ్గు పడాల్సిన చోట నవ్విన సంగతి కూడా ఇక్కడ రాయాలి.

భోజనాలయ్యాక నేను ఒక్కణ్ణీ వెనక వైపు నడిచాను. దొరువు దగ్గర ఆ ముసలామె కనబడింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"రోడ్డు బాబు కదూ! రోడ్డు ఎప్పుడేస్తారు?"

"వేస్తారవ్వా. పైన ఉంది ఫైలు."

"అలాగే. కూర్చోండి. నీళ్ళిద్దామంటే అప్పటి నీళ్ళు కావు బాబూ. దిబ్బ తీసేశాక ఉప్పు తగులుతున్నాయి. పప్పు ఉడకడం లేదు. మొన్న ముసురుకు సముద్రం ఆ సందులోంచి వచ్చి మా వాకిట్లో నిలబడింది." తర్వాత మొహమాటంగా అంది. "మీరు గవర్నమెంటు మనిషి కదా. మాకో అర్జీ రాసిపెడతారా?"

"ఈసారి వచ్చినప్పుడు రాస్తా" అని చెప్పి గబగబా వచ్చేశాను. దారి పొడవునా నా భార్య ఏమైందని అడుగుతూనే ఉంది. కడుపులో తిప్పుతోందన్నాను. నేను రాయని అర్జీ ఆ పల్లెలో బడిపంతులు రాశాడని తర్వాత తెలిసింది.

ఆ అర్జీ మీద అధికారులు తనిఖీకి వస్తున్నారని, ప్లాను గీసిన మనిషి హాజరు కావాలని నాకు నోటీసు వచ్చింది. అన్న ఆ రోజే ఇంటికి వచ్చాడు.

"ఏం భయపడొద్దు. కొలతలో పొరపాటైందని చెప్పు, చాలు. పొరపాటు ఎవరికి రాదు? మిగతాది మేము చూసుకుంటాం."

సరేనన్నాను. నాకూ అదే మేలనిపించింది. పొరపాటు చేసిన వాణ్ణి జనం క్షమిస్తారు.

తనిఖీకి వచ్చిన ఇంజినీరు చిన్న వయసు ఆవిడ. పల్లెలోని వాళ్ళు చాలామంది వచ్చి గదుల పక్కన ఎండలో నిలబడ్డారు. వాళ్ళలో ఆ ముసలామె కూడా ఉంది. ఇంజినీరు నా ప్లాను విప్పి అడిగింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడం."

"చదునైన నేల అని రాశారు. ఇక్కడ పెద్ద దిబ్బ ఉండేదని ఊరంతా చెబుతున్నారు. మీరు వచ్చిన రోజు దిబ్బ ఉందా, లేదా?"

"సరిగ్గా గుర్తు లేదు మేడం. కొలతలో ఏదో పొరపాటు జరిగినట్టుంది."

ఆవిడ ఇంకేదో అడగబోతుంటే గుంపులోంచి ముసలామె ముందుకు వచ్చింది.

"ఆ బాబునేం అనమాకండమ్మా. ఆయన ఈ గదుల వాళ్ళ మనిషి కాదు. మాకు రోడ్డు కొలవడానికి వచ్చాడు. నా చేతి నీళ్ళు తాగి పోయాడు. మంచి మనిషి. ఆయన కాగితం ఎవరో దొంగిలించి ఇట్టా చేసుంటారు."

ఎండలో నిలబడ్డ వాళ్ళందరూ నా వైపు చూశారు. కొందరు అవునన్నట్టు తలాడించారు. నన్ను కాపాడటానికి ఆ ముసలామె నా అబద్ధాన్నే అడ్డం పెడుతోంది. పక్కన నిలబడ్డ అన్న నా మోచేతిని మెల్లగా నొక్కాడు, ఊరుకో అన్నట్టు. ఊరుకుంటే ఆ పూట గడిచిపోయేదే. ధైర్యం వచ్చి మాట్లాడానని చెప్పలేను. ఆమె ఇంకొక్క మంచి మాట నా గురించి అంటే నిలబడలేననిపించింది, అంతే.

"లేదవ్వా. నేను రోడ్డు కోసం రాలేదు. ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినా" అన్నాను. తర్వాత ఇంజినీరు వైపు తిరిగాను. "దిబ్బ ఉంది మేడం. ఎక్కి కొలిచినా. కావాలనే గీయలేదు. పోటు గీత కూడా నేనే జరిపినా."

ఇంజినీరు రాసుకుంటోంది. అన్న నా మోచెయ్యి వదిలేసి కారు వైపు నడిచాడు. ముసలామె నా దగ్గరికి ఒక అడుగు వేసింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"గదులు కడతామని చెప్పినా నేనేం చేసేదాన్ని బాబూ?" అంది. "ఆపగలిగేదాన్నా? మరి నాకెందుకు చెప్పావు అబద్ధం?"

అంతకు ముందు నన్ను మీరు అనేది. ఆమె వల్ల నాకు ఏ అడ్డూ లేదు, ఏ భయమూ లేదు. అయినా చెప్పాను. అలవాటుగా వచ్చేసింది.

నా లైసెన్సు ఏడాది పాటు ఆపేశారు. సముద్రం వైపు కట్టిన గదులు తీసేయమన్నారు, తీసేశారు. అన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఆయన దుకాణం ముందు నుంచి పోలేక నేను చుట్టు తిరిగి వేరే వీధిలో ఇంటికి పోతుంటాను. ఆయన కోపం న్యాయమైనదేనేమో. మొదటి రోజే కాదని ఉంటే ఆయనకూ ఈ నష్టం ఉండేది కాదు. మా బజారులో కొందరు నన్ను చూసి నవ్వుతారు. "సముద్రం లేని ఊరోడివి, నీకెందుకయ్యా ఆ ఇసుక గోల?" అంటారు.

ఆ ఏడాదిలో ఒకసారి ఒక్కణ్ణీ అక్కడికి వెళ్ళాను. పోయిన దిబ్బను మళ్ళీ నిలబెట్టడానికి పల్లె ఆడవాళ్ళు తాటిమట్టలు వరుసగా పాతుతున్నారు. గాలికి ఎగిరొచ్చే ఇసుక మట్టలకు తగులుకుని కొద్దికొద్దిగా పేరుకోవాలి, దాని మీద బాలబంద తీగ పాకాలి. ముసలామె కూడా వాళ్ళలో ఉంది. నన్ను గుర్తుపట్టింది. నేనేదో మాట్లాడబోతే, "ఆ మట్టలు ఇటు అందుకో" అంది. మధ్యాహ్నం దాకా అందించాను. అప్పటికి ఇసుక నా చీలమండల ఎత్తు కూడా లేదు. దొరువులో నీళ్ళు తాగడానికి ఇంకా పనికిరావట. ఆ పల్లెకు కూడా ఇప్పుడు ట్యాంకరు వస్తోంది.

లైసెన్సు తిరిగి వచ్చింది. మళ్ళీ నా గదిలో కూర్చుంటున్నాను. ఈ మధ్య పామూరు వైపు నుంచి ఒకాయన వాగు గట్టు మీద షెడ్డుకు ప్లాను గీయమని వచ్చాడు. వాగు చూపించకుండా గీయమన్నాడు. గీయనన్నాను. బయటికి పోతూ తనతో వచ్చిన వాడితో అంటున్నాడు: "ఈయన అట్లాంటి పనులు చేయడంట. శానా నిజాయితీ మనిషంట."

పిలిచి, కాదని చెప్పాలనిపించింది. మెట్ల దాకా వెళ్ళాను కూడా. అప్పటికే వాళ్ళు ఆటో ఎక్కేశారు.