పోస్టు మీదికి రాని ఏడు కాల్స్

అక్టోబర్ రెండో వారం, మధ్యాహ్నం రెండు గంటలకు మంచుకొండల మీది ఆర్మీ పోస్టుకు చేరాం. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఎదురుగాలి. వీపు మీద ఇరవై రెండు కిలోల కిట్టు, దానిపైన రౌటర్ పెట్టె. ఆర్మూర్‌లో పసుపు బస్తాలు మోసినవాణ్ణని దారంతా గొప్పలు చెప్పి, చివరి ఎక్కుడు దగ్గర కూలబడ్డాను.

నేను ఆర్మీ సిగ్నల్ విభాగంలో నాయక్‌ని. డ్యూటీ రేడియో సంగతి ఇక్కడ చెప్పను. ఇళ్ళకు మాట్లాడుకోవడానికి ఇచ్చిన ఇంటర్నెట్ కూడా నా చేతిలోనే ఉండేది. నలభై మంది, నలభై ఫోన్లు. బయటి లోకానికి మాత్రం మా అందరిదీ ఒకే చిరునామా.

మార్కెట్ యార్డు ఎరిగినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. రైతుల పసుపంతా దాన్ని అమ్మిపెట్టే అడ్తిదారు పేరు మీదే పోతుంది. ఏ కుప్ప ఎవరిదో అతని చిట్టీలో ఉంటుంది. రౌటర్ కూడా అంతే. ఫోన్ నుంచి బయలుదేరిన మాటకు దాని చిరునామా తీసేసి, తన చిరునామా, ఒక నంబరు వేసి పంపుతుంది. ఆ నంబరు ఏ ఫోన్‌దో పట్టికలో రాసుకుంటుంది. జవాబు వస్తే పట్టిక చూసి ఆ ఫోన్‌కే అందిస్తుంది. పట్టికలో లేకపోతే వచ్చినదాన్ని గుమ్మంలోనే పారేస్తుంది. ఎవరికీ చెప్పదు.

ఫోన్ ఉలుకూపలుకూ లేకుండా ఉంటే, కొంతసేపటికి పట్టికలో దాని రాత చెరిగిపోతుంది. ఆ గడువు పెట్టేది నేనే.

డిసెంబర్‌లో పట్టిక నిండిపోసాగింది. అందరూ ఒకేసారి డయల్ చేస్తారు, ఎవరికీ కలవదు, నన్ను తిడతారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గంట గడువును రెండు నిమిషాలకు తగ్గించాను. ఊరికే డయల్ చేయొద్దని, కాల్ వచ్చేదాకా ఆగాలని ఆర్డరు వేశాను. లింకు సాఫీగా నడిచింది. శభాష్ అన్నారు. మురిసిపోయాను. బయటి నుంచి కాల్ వస్తుందో లేదో ఒక్కసారీ పరీక్షించలేదు.

మా డ్రైవర్‌ది మా ఆర్మూర్ వైపే, ఏర్గట్ల. తల్లి లేనివాడు, అక్కే పెంచింది. ఆమెకు హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్. మధ్యాహ్నం పన్నెండుకు లోపలికి తీసుకుపోతారు, ఆలోగా తనే కాల్ చేస్తానంది. పదకొండుకు అతను నా బంకర్‌కు వచ్చాడు. బయట మైనస్ పద్దెనిమిది.

"అన్నా, నేనే చెయ్యాల్నా? అక్క ఫికర్ పడ్తుంటది."

"ఆర్డర్ ఆర్డరే. చేస్తనన్నది గదా, గదే వస్తది."

"జర ఒక్కపారి..."

"సప్పుడు జెయ్యక కూసో."

కూర్చున్నాడు. ఫోన్ మోగలేదు. పన్నెండు దాటాక నేనే చెయ్యమన్నాను. వాళ్ళ బావ ఎత్తాడు.

"గిప్పుడే లోపటికి తీస్కపోయిన్రు. గన్నిసార్లు చేసింది గదరా, ఒక్కటి గూడ తాకలే."

మూడున్నరకు మళ్ళీ చేశాడు. అక్క బతకలేదు.

అప్పుడు వెలిగింది నాకు. అతని ఫోన్ గంటసేపు మౌనంగా ఉంది. రెండు నిమిషాలకే రౌటర్ దాన్ని మరిచిపోయింది. ఆమె కాల్స్ మా గుమ్మం దాకా వచ్చి అక్కడే పోయాయి. "మంచుకు లింకు పోయింది" అని చెప్పాను. నమ్మాడు. సాయంత్రం గడువును మళ్ళీ గంట చేశాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయట.

మార్చిలో దిగొచ్చాం. సెలవులో ఇద్దరం వాళ్ళ బావ ఇంటికి పోయాం. నిజం చెప్పాలనే పోయాను. చాయ్ ఇచ్చాడు.

"ఏం చేస్తం సారూ. గుట్ట మీద సిగ్నల్ ఉంటదా మరి," అన్నాడాయన.

ఊఁ అన్నాను. అంత పిరికివాణ్ణని నాకు ముందు తెలీదు. డ్రైవర్‌కు ఇవాళ్టికీ చెప్పలేదు.

ఆయన లోపలి నుంచి ఆమె ఫోన్ తెచ్చాడు. రోజూ చార్జింగ్ పెడతాడట. ఆ రోజు ఆమె చేసిన కాల్స్ తెరిచి నా చేతిలో పెట్టాడు. తమ్ముడు, 11:04. తమ్ముడు, 11:09. దాని కింద ఇంకో ఐదు. ఆఖరుది 11:58.