అక్కా నేనూ మోసిన బకెట్

మా సందులో ఇద్దరు పిల్లలు ఒకే బకెట్‌ను చెరోవైపు పట్టుకుని పోతుంటే చూస్తూ నిలబడిపోయాను. మీరూ అలా మోశారు కదూ, తాడు పిడి అరచేతిని కోస్తుంటే?

మా ఊరు పెద్దమందడిలో బోరింగు దగ్గర్నుంచి నేనూ, ఇంటర్ చదివే అక్కా అలాగే మోసేవాళ్లం. అలిగితే నేను దూరం జరిగి నడిచేదాన్ని.

"గంత దూరం పోతవేందే? బలం రెండు దిక్కుల చీలుతది. పైకి పోయేదే నీళ్లను మోస్తది, పక్కకు పోయేది ఉత్తగనే పోతది. ఎంత గుంజినా చెయ్యి నొస్తది, గంతే. జర దగ్గరికి రా!" అనేది అక్క.

ఒక ఎండాకాలం అక్క జ్వరంతో పోయింది.

తర్వాత బోరింగు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. నా వాటాకు వచ్చే సగం బకెట్టే నింపుకున్నాను. పక్కకు గుంజేవాళ్లు లేరు, బలమంతా పైకే పోతోంది.

అయినా బకెట్ లేవలేదు.