అంటు కొమ్మ

ఖానాపూర్ దగ్గరి ఒక తోటింట్లో, చలి వెనక్కి తగ్గే మాఘమాసంలో తోటమాలి ఇమాంసాబ్‌కు చేతినిండా పని. పాదులు తవ్వుతాడు, ఎండుపుల్లలు విరుస్తాడు, అంటు మామిడి మొదట్లో లేచి అంటును ఎదగనీయని నాటు కొమ్మలను కోసేస్తాడు. చూపు మసకబారిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ల అలవాటు మీద వేళ్లతో తడుముతూ నెట్టుకొస్తున్నాడు. ఆ ఉదయం కూడా తడిమే రంపం ఆడించాడు. కొమ్మ ఒళ్లో పడగానే పూత వాసన గుప్పుమంది. కోసింది నాటు కొమ్మను కాదు, మూడేళ్లు పెంచితే తొలిసారి పూసిన అంటునే.

ఇంటి యజమానురాలు సులోచనమ్మ పరుగున వచ్చింది. "గిదేం పని ఇమాంసాబ్! కనవడ్తలేదా?"

"కనవడ్తలేదమ్మా, ఏడాదాయె. చెప్తే పని పోతదని చెప్పలే."

ఆమె రంపం తీసి పక్కన పెట్టింది. మామిడి కొమ్మ నేలలో గుచ్చితే బతకదని ఆయనకు తెలుసు. అయినా దాన్ని తడిమట్టిలో నిలబెట్టి, చెంబుతో నీళ్లు పోసి, పడిపోకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.